ఎర్రగీత దాకా నీళ్లు

జనవరి 9

నాలుగు పీపాల్లోనూ నీళ్లు ఎర్రగీతకి రెండు వేళ్లు కిందకి దిగాయి. నిన్న సాయంత్రమే గీత దాకా నింపాను.

ఆవిరైపోయి ఉంటాయి. దీపాలు రోజుకి పదహారు గంటలు వెలుగుతున్నాయి. మొక్కలూ తాగుతాయి. పూత మీదున్న టొమాటో ఎంత తాగుతుందో నాకు తెలియనిదా?

రెండు వేళ్లంటే పీపాకి మూడు లీటర్లు, మొత్తం పన్నెండు. ఒక్క రోజులో పన్నెండు లీటర్లు తాగడానికి అవి మొక్కలా, గేదెలా?

జనవరి 10

మళ్లీ రెండు వేళ్లు.

జనవరి 12

గొట్టాలన్నీ తుడిచి, కాగితం చుట్టి చూశాను. ఎక్కడా తడి లేదు. పీపాల కింద చెయ్యి పెట్టి తడిమాను, పొడిగానే ఉంది. మరి నీళ్లు ఎటు పోతున్నట్టు?

ఈ నోటుబుక్కు మొక్కల లెక్కల కోసం కొన్నది. ఏ మందు ఎన్ని గ్రాములు కలిపానో, ఏ మొక్క ఎప్పుడు పూసిందో, అంతే రాసేవాణ్ణి. ఇవాళ ఇలాంటివి రాస్తున్నానంటే రాత్రిళ్లు నిద్ర సరిగా పట్టక. వెలిచ్కాకి చెప్పలేను. పక్షవాతం వచ్చిన మనిషికి భయపెట్టే మాట చెప్పకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. భార్యకి చెప్పలేనిది ఇంకెవరికి చెబుతాను?

బాల్కనీకి నేను చేసిన పని మీద నాకు నమ్మకముంది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఉక్కు కార్ఖానాలో అతుకులు వేశాను. మా పెర్నిక్ ఊరివాళ్లు పెళ్లికి కూడా ఇనుప బద్ద పట్టుకెళతారని ఊరూరా మా మీద జోకులు. వేసుకోనీ. బాల్కనీ నిండా ఇనుప బద్దలతో మూడంతస్తుల అరలు కట్టాను, కిందివరసలో గొట్టాలతో కలిపిన నాలుగు పీపాలు, మట్టి ముట్టని సాగు, చుట్టూ అద్దాలు, పైన రేకు. ఆరో అంతస్తులో, జనవరిలో టొమాటో కోస్తున్నవాడు ఈ పేటలో ఇంకెవడున్నాడు?

మొత్తం బరువెంతో ఎప్పుడూ కూడలేదు. ఇప్పుడూ కూడను.

నన్ను తినేస్తున్నది వేరే. నీళ్లు బయటికి రావడం లేదంటే బాల్కనీ కాంక్రీటు పలకలోకే దిగుతున్నాయి. వాటిలో ఉప్పు మందులున్నాయి. ఉప్పు లోపలున్న ఇనుమునేం చేస్తుందో నాకొకరు చెప్పాలా?

ఆ రంధ్రం సంగతి ఇక్కడ రాయను.

జనవరి 14

పండగకి పక్క ఊరి నుంచి ముసుగు వేషగాళ్లు వచ్చారు. గొర్రెతోళ్లు, కొమ్ములు, నడుముకి బిందెలంత గంటలు. మా బ్లాకు ముందు మంట వేసి గెంతారు. ఆ గంటల మోతకి కీడంతా పారిపోతుందంటారు. నాకు మాత్రం వాళ్లు గెంతినప్పుడల్లా కిటికీ అద్దాలు వణకడమే వినిపించింది.

అందరూ బాల్కనీల్లోకి వచ్చారు. కింద అయిదో అంతస్తు స్పాస్కా కుర్చీ వేసుకుని, సిగరెట్టు వెలిగించుకుని, చప్పట్లు కొడుతోంది. మా బ్లాకు వ్యవహారాలన్నీ చూసేది ఆవిడే. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పైకి చూసి అరిచింది.

"గెంచో! వెలిచ్కాని తీసుకురావయ్యా, చూస్తుంది! ఎంతసేపూ ఆ పీపాల మధ్య ఊరగాయ పెట్టేశావు పాపం!"

వెలిచ్కా అప్పటికే బాల్కనీలోకి వచ్చేసింది. ఎడమచేత్తో అర పట్టుకుని కిందికి వంగి చూస్తోంది. నేనూ పక్కన నిలబడ్డాను. నిలబడ్డాక నా తొంభై నాలుగు కిలోలు గుర్తొచ్చి ఒక అడుగు వెనక్కి, గదిలోకి వేశాను.

అది భయం కాదు. జాగ్రత్త.

జనవరి 17

మా పలక అడుగే స్పాస్కా బాల్కనీకి పైకప్పు. అది చూడాలంటే స్పాస్కా ఇంటికి వెళ్లాలి. ఆరు టొమాటోలు గిన్నెలో పెట్టుకుని వెళ్లాను.

"ఓహో, పూలు దొరకలేదా?" అంది తలుపు తీస్తూనే. "ముసలితనంలో నాకు టొమాటోలు మోసుకొచ్చే మగాడు దొరికాడన్నమాట. పైన పెళ్లానికి తెలుసా?"

"తనే పంపింది. తీసుకో."

"తనెక్కడ పంపుతుంది, నోరు లేని మనిషి. రా, కాఫీ తాగు."

కాఫీ బాల్కనీలో తాగుదామన్నాను. చలిలో పిచ్చా అంది, అయినా వచ్చింది. తలెత్తి చూశాను. గోడ పక్కన కప్పు మీద చెయ్యంత మేర తెల్లగా ఉప్పు పూసింది. దాని మధ్య వెంట్రుకంత చీలిక, ఒక మూల నుంచి రెండో మూల దాకా.

స్పాస్కా కుర్చీ సరిగ్గా దాని కింద ఉంది.

"ఏంటలా చూస్తున్నావు? సాలెగూడా?"

"ఆఁ, సాలెగూడే," అన్నాను.

జనవరి 18

సరే. రాస్తాను. మురికినీళ్ల గొట్టం బాత్రూంలోకి తేవడానికి పలకలో రంధ్రం పెట్టాను, రెండేళ్ల క్రితం అక్టోబరులో. డ్రిల్లు ఇనుముకి తగిలింది. లోపలి కడ్డీ ఒకటి కోశాను. ఒక్కటే. ఒక్క కడ్డీతో పలక పడిపోదు.

గోడకీ పలకకీ మధ్య అతుకు మీద సన్నటి గాజుముక్క పెట్టి, రెండు కొసలకీ జిప్సం రాసి అంటించాను. పక్కన పెన్సిలుతో తేదీ వేశాను. పలక ఒక్క వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది. పగలకపోతే కదలనట్టే.

జనవరి 19

గాజు బాగానే ఉంది.

జనవరి 20

బాగానే ఉంది. పదిసార్లు చూశాను.

జనవరి 21

బాగానే ఉంది. నీళ్లు మళ్లీ తగ్గాయి. ఈసారి మూడు వేళ్లు.

జనవరి 26

రెండు రోజులుగా ఆగని మంచు. బాల్కనీ రేకు మీద మోకాలెత్తు పేరుకుంది. కిటికీలోంచి చీపురుకర్రతో తోశాను, అందినంత మేర. అందనిది అందలేదు. తర్వాత చీకటిపడేదాకా కింద బ్లాకు ముందు మంచు తవ్వాను.

నీళ్లు ఇవాళ ఒక్కరోజే ముప్ఫై లీటర్ల పైన పోయాయి. ముప్ఫై! అంత నీరు పలకలోకి దిగిందా? దిగితే స్పాస్కా కప్పు కారాలి కదా, కారలేదు. మరి ఎక్కడుంది ఆ నీరు? మందు అయిపోయింది, దారులు మూసుకుపోయాయి, కొట్టుకి వెళ్లలేను. పీపాలు సగానికి దిగినా నింపే దారి లేదు. మొక్కల వేళ్లు ఎండిపోకుండా పీపాల్లోకి గాలి కొట్టే పంపు వేగం పెంచాను.

నేను పైకొచ్చేసరికి వెలిచ్కా ఆయాసపడుతోంది. బట్టల ముందుభాగం తడిసి ఉంది. చెయ్యి కడుక్కుంటూ ఒలకబోసుకున్నట్టుంది. ఆరిన బట్టలు వేశాను.

జనవరి 30

దారి తెరిచారు. మందు తెచ్చాను. గీత దాకా నింపాను. నింపుతుంటే వెలిచ్కా నా చొక్కా పట్టుకుని లాగింది. నేల చూపించింది, గొట్టం గోడలోకి దూరే చోట.

"అవునులే, కాస్త ఒలికింది, తుడుస్తాలే," అన్నాను.

తుడిచాను. అయినా ఆమె వేలు దించలేదు.

ఫిబ్రవరి 3

కోసింది రెండు కడ్డీలు. మొదటిది కోశాక కూడా గొట్టం పట్టలేదు.

రేపు పీపాలు ఖాళీ చేస్తాను. తప్పదు.

ఫిబ్రవరి 4

ఖాళీ చేయలేదు. పొద్దున్నే వెలిచ్కా పూత ముందు నిలబడి "పువ్వు రాలింది" అంది. రెండు మాటలు! వరసగా! రెండేళ్లలో మొదటిసారి కర్తా క్రియా కలిశాయి. నేను గోడకానుకుని ఏడ్చాను, సిగ్గెందుకు.

ఆసుపత్రి నుంచి తెచ్చిన ఆరు నెలలూ ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఒక్క శబ్దం లేదు. మొదటి టొమాటో పండిన రోజు ఈ బాల్కనీలోనే "ఎర్ర" అంది. ఆ తర్వాత "నీళ్లు", "ఆకు", "గెంచో". ప్రతి మాటా ఇక్కడే పుట్టింది. నా పేరు కూడా టొమాటో ఆకు తర్వాతే. ఇప్పుడిది పీకేసి మళ్లీ ఆ గోడ వైపు పడుకోబెట్టనా?

గాజు బాగానే ఉంది కదా.

ఫిబ్రవరి 11

స్పాస్కా పైకొచ్చింది. గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"నువ్వు చెప్పిన సాలెగూడు పెరుగుతోందయ్యా. చీపురుతో కొడితే సున్నం రాలింది కళ్లలో. ఈస్టరులోపు రంగు వేయిద్దామనుకుంటున్నా. మా అసేన్ వస్తాడు, గీకి చూస్తాడు."

అసేన్ ఆవిడ మేనల్లుడు, కట్టడాల ఇంజినీరు.

"ఇంజినీరు ఎందుకు రంగుకి? నేను వేస్తాను. ఊరికే వేస్తాను," అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏంటి గెంచో, టొమాటోలిస్తావు, ఊరికే రంగు వేస్తానంటావు. ఏదైనా తప్పు చేశావా, లేక నిజంగానే నా మీద మనసు పడ్డావా?"

వెలిచ్కా సోఫాలోంచి నవ్వింది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ నిలబడ్డాను.

అసేన్ ఇరవై ఎనిమిదో తారీకున వస్తాడట.

ఫిబ్రవరి 12

గీకితే కనబడుతుంది.

ఫిబ్రవరి 15

కల. పలక విరగదు కలలో. మెల్లగా వంగుతుంది, వెలిచ్కా చేతిలో ఆకు పట్టుకుని జారుతూ నాకేసి చూస్తుంది. పడుతున్నానని ఆమెకి తెలుసు. అందుకే అరవదు.

ఫిబ్రవరి 18

కొత్త మొలకలు రెండాకుల మీదున్నాయి. గులాబీ టొమాటో, నలభై మూడు. పెరుగు డబ్బాల్లో వేశాం. అర చివర, అద్దం పక్కన పెట్టింది వెలిచ్కా. అంత చివరెందుకంటే వెలుతురు చూపించింది.

నీళ్లు నాలుగు వేళ్లు తగ్గాయి. నింపాను.

ఫిబ్రవరి 20

గాజు పగిలింది.

రెండు ముక్కలు. మధ్యలో గోరు పట్టేంత సందు.

వెలిచ్కాని లోపలికి లాక్కొచ్చి తలుపుకి తాళం వేశాను. ఆమెకి కోపం వచ్చింది. ఎడమ అరచేత్తో తలుపు మీద కొట్టింది, గంటసేపు. "నీళ్లు, నీళ్లు" అని ఏడ్చింది. మొక్కల కోసం ఏడుస్తోందనుకుని తట్టుకోలేక తాళం తీశాను. నేను వట్టి పిరికివాణ్ణి. పలక అంటే భయం, ఆమె ఏడుపంటే ఇంకా భయం.

రేపు పొద్దున్నే బజారులో పెద్ద గొట్టం కొని మొత్తం తోడేస్తాను. ఎవరికీ చెప్పక్కర్లేదు. నీళ్లు పోతే బరువు పోతుంది.

ఫిబ్రవరి 21

అక్షరాలు వంకరగా వస్తున్నాయి. అయినా ఇవాళే రాయాలి.

గొట్టం కొనడానికి బయల్దేరి బస్టాపు దాకా వెళ్లాక కళ్లద్దాలు మరిచిపోయానని తిరిగొచ్చాను. తలుపు తీసేసరికి లోపల నీళ్లు పోస్తున్న చప్పుడు. బాత్రూంలోంచి.

వెలిచ్కా బయటికొచ్చింది, ఎడమచేతిలో ఖాళీ జగ్గుతో. నన్ను చూడలేదు. కుడికాలు ఈడ్చుకుంటూ బాల్కనీ దాకా పదకొండు అడుగులు. ఒక పాదం గుమ్మంలోనే ఉంచి, ఒక్క పాదం పలక మీద పెట్టి, మొదటి పీపాలోకి వంగి జగ్గు ముంచింది. మళ్లీ పదకొండు అడుగులు. మళ్లీ పోసిన చప్పుడు. నేను బూట్లతో అలాగే నిలబడి మూడు జగ్గులు చూశాను.

ఎక్కడా లీకు లేదు. ఎన్నడూ లేదు. స్పాస్కా కప్పు మీది ఉప్పు నేను నింపేటప్పుడు ఒలికిన నీళ్లది. నేను సాయంత్రం నింపుతున్నాను, ఆసరా లేకుండా నడవగలిగిన ఈ జనవరి నుంచీ నేను లేనప్పుడల్లా ఆమె తోడేస్తోంది. మంచు కురిసిన రోజు ముప్ఫై లీటర్లు, ఒంటి చేత్తో. తలుపు బాదింది మొక్కల కోసం కాదు.

నాలుగో జగ్గుకి నన్ను చూసింది. దొరికిపోయినట్టు చూడలేదు. దొరికింది నేనన్నట్టు చూసింది.

"నీకెలా తెలుసు?" అన్నాను.

జగ్గు కింద పెట్టి తన చెవి మీద తట్టింది. తర్వాత గోడ చూపించింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ అక్టోబరులో ఆమె మంచం ఆ గోడకి ఆనించే ఉండేది. మాట లేదు కాబట్టి చెవి కూడా లేదనుకున్నాను. ఇనుము కోసే మిషను అరుపు గోడ అవతల ఎంత వినబడుతుందో ముప్ఫై ఒక్క ఏళ్ల పనివాణ్ణి ఆలోచించలేదు.

"రెండు కడ్డీలు కోశాను వెలిచ్కా. తప్పయింది."

ఆమె తల అడ్డంగా ఊపింది. ఎడమచెయ్యి నా మొహం ముందు పెట్టి నాలుగు వేళ్లు చూపించింది.

నాలుగు. అవును, నాలుగు. ఎవరూ చదవని ఈ పుస్తకంలో కూడా ఆ అంకె రాయలేకపోయాను. ఆమె రెండేళ్లుగా లెక్క పెట్టుకుని ఉంది.

"లోపలికొచ్చెయ్. ఇంక అటు వెళ్లకు," అన్నాను. రానంది. అర చివరనున్న మొలకల వైపు చూసింది. వాటిని నేను తెస్తానని అడుగేశాను. చెయ్యి అడ్డం పెట్టింది. నా పొట్ట మీద వేలితో పొడిచి, తన గుండె మీద వేలు పెట్టుకుంది.

"నేను," అంది.

ఆమె యాభై ఒక్క కిలోలు. లెక్క ఆమెదే సరైంది. బట్టలారేసే తాడు తెచ్చి ఆమె నడుముకి కట్టి, రెండో కొస నా నడుముకి చుట్టుకుని, గుమ్మం రెండువైపులా కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డాను. వెళ్లింది. ఒక డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. వెళ్లింది. ఇంకోటి. ఒక్క చెయ్యే కదా, ఒక్కసారికి ఒక్కటే. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ ఎరగను. కొలిమి పేలిన రోజు కూడా ఎరగను. ఆమె వేసే ప్రతి అడుగుకీ పలక చప్పుడు వినడానికి నా ఊపిరి బిగబట్టుకున్నాను.

"చాలు! ఇరవై అయ్యాయి, చాలు!" అని అరిచాను.

"ఇంకా," అంది.

బొగ్గుగనిలో దీపాలిచ్చే గదిలో ఇరవై రెండేళ్లు పనిచేసింది వెలిచ్కా. గనిలోకి దిగిన ప్రతివాడి నంబరుబిళ్లా తిరిగొచ్చి మేకుకి తగిలేదాకా షిఫ్టు అయిపోయినా ఇంటికొచ్చేది కాదు. అలాంటి మనిషితో వాదనా? నలభై మూడోది నా చేతిలో పెట్టి, అప్పుడు గుమ్మం దాటింది. దాటాక ఇద్దరం నేల మీదే కూలబడ్డాం, తాడు విప్పకుండా.

తర్వాత నేను కిందికెళ్లాను. బెల్లు కొట్టలేదు, తలుపు బాదాను. స్పాస్కా సిగరెట్టుతో వచ్చింది, వెనకాల బాల్కనీ తలుపు తెరిచే ఉంది.

"బాల్కనీలోకి వెళ్లకు. ముందు నేను చెప్పేది విను, తర్వాత తిట్టు."

చెప్పాను. నాలుగని చెప్పాను. ఆవిడ మాట్లాడకుండా విన్నది ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి.

"నా కుర్చీ రెండేళ్లుగా దాని కిందే ఉంది గెంచో," అంది చివరికి.

"ఉంది."

"చూసి కూడా సాలెగూడన్నావు."

"అన్నాను."

"టొమాటోలు తెచ్చిచ్చావు. నేను తిన్నాను. బాగున్నాయని కూడా అన్నాను."

ఎడమ చెంప మీద కొట్టింది. గట్టిగానే. తర్వాత సిగరెట్టు ఆర్పి కోటు తీసుకుంది.

"పైన అది ఒక్కతే ఉందా? బకెట్లున్నాయా ఇంట్లో? లేకపోతే నావి తీసుకో. పద, నిలబడతావేం! అసేన్‌కి నేను దార్లో ఫోన్ చేస్తా."

సాయంత్రానికి గుమ్మంలోంచే నాలుగు పీపాలూ ఖాళీ చేశాం. స్పాస్కా బకెట్లు మోసినంతసేపూ నన్ను తిట్టింది. ఇంతకంటే తియ్యటి తిట్లు నేను వినలేదు.

ఫిబ్రవరి 23

అసేన్ చూశాడు. మా బాల్కనీ కింద నుంచి నేల దాకా ప్రతి అంతస్తులో ఇనుప స్తంభాలు ఆన్చారు. అయిదు ఇళ్లవాళ్లకీ నేనే వెళ్లి ఎందుకో చెప్పాను. రెండు తలుపులు మొహం మీద వేశారు. వేయాలి.

"ఆ మంచు వారంలో పీపాలు నిండుగా ఉన్నాయా?" అని అడిగాడు అసేన్.

"లేవు. సగానికే ఉన్నాయి."

అతను రంధ్రంలోకి మళ్లీ ఒకసారి టార్చి వేసి చూశాడు. నాకేసి చూడకుండా, "అయితే బతికారు," అన్నాడు.

మార్చి 1

పూత మీదున్న మొక్కలన్నీ చచ్చిపోయాయి. నీళ్లు లేకుండా రెండు రోజులు కూడా ఆగలేదు. మొలకలు మాత్రం బతికాయి, గదిలో కిటికీ గట్టు మీద, బల్ల మీద, ఫ్రిజ్ మీద. అన్నం తినడానికి చోటు లేదు. స్పాస్కా పొద్దున్నే వచ్చి మార్చి పండగకి వెలిచ్కా చేతికి ఎర్రతెల్ల దారం కట్టింది. నాకు కట్టలేదు. వెళ్తూ వెళ్తూ అయిదు మొలకలు పట్టుకుపోయింది.

బాల్కనీ తలుపుకి అడ్డంగా బద్దలు కొట్టేశారు. అటు వెళ్లలేక వెలిచ్కా మళ్లీ మౌనంలోకి వెళుతుందని వణికిపోయాను ఈ వారమంతా. వెళ్లలేదు. నిన్న నాకు అర్థంకాని ఏదో విషయం మీద నాతో పోట్లాడింది కూడా.

మధ్యాహ్నం డబ్బాలకి నీళ్లు పోస్తుంటే అడిగేశాను. అడగకుండా ఉండలేకపోయాను.

"నీకు తెలుసు కదా. నాలుగూ కోశానని మొదటి రోజే తెలుసు. మరి రెండేళ్లూ ఎందుకు నిలబడ్డావక్కడ? రానని ఒక్కసారి మొండికేస్తే చాలు, నేను పీకేసేవాణ్ణి కదా."

ఆమె చాలాసేపు ప్రయత్నించింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. నేను సాయం చేయబోతే చెయ్యి ఎత్తి ఆపింది. తనే చెప్పాలి.

"నువ్వు..." అంది. ఆగింది. "నువ్వు అటు వెళ్లేవాడివిగా. రోజూ."

అంతే చెప్పి, పక్క డబ్బా నా ముందుకి జరిపింది, పొయ్యమని.